మాక్యులా జబ్బుతో జీవిస్తున్నవారికి అందే సహాయ సేవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కంటి లోపలి వెనక పొర అయిన రెటీనా నడుమ సుమారు 5 మిల్లీమీటర్ల వెడల్పున ఉండే మాక్యులా దెబ్బతిన్న మనిషి గుమ్మం తగలకుండా దాటగలరు, పెరట్లో ఒంటరిగా తిరగగలరు, పక్కనుంచి వెళ్తున్న పిల్లిని కూడా గమనించగలరు. అదే మనిషి ఎదురుగా నిలబడిన మేనకోడలి ముఖం పోల్చుకోలేరు, మాత్రల అట్ట మీది పేరు చదవలేరు. చుట్టూ ఉన్న చూపు మిగిలి నడిమి చూపు మాత్రమే పోయే ఈ జబ్బును ఇంట్లోవారు సైతం ఒక పట్టాన నమ్మరు. "కళ్లు బాగానే ఉన్నాయి కదా" అన్న మాట ఈ రోగులకు అలవాటైపోతుంది. వయసు మీద పడటంతో వచ్చే మాక్యులా క్షీణత, మధుమేహం వల్ల మాక్యులాలో చేరే వాపు, తీవ్రమైన హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనిపించే లోపం) వల్ల కలిగే నష్టం, పిల్లల్లోనూ యువతలోనూ బయటపడే స్టార్‌గార్ట్ వంటి వంశపారంపర్య జబ్బులు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటివారికి అందే సహాయం గురించి రోగులు, వారి కుటుంబ సభ్యులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇవి.

డాక్టరుగారు "ఇక చేయగలిగింది ఏమీ లేదు" అన్నారు. ఇప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లాలి?

పోయిన చూపును మందుతోగానీ ఆపరేషన్‌తోగానీ తిరిగి తేలేమన్నదే ఆ మాటకు అర్థం. మిగిలిన చూపుతో చదువుకోవడం, వండుకోవడం, డబ్బు లెక్కపెట్టుకోవడం నేర్పించే విభాగం వేరే ఉంది. దాన్ని కొన్ని ఆసుపత్రుల్లో లో విజన్ క్లినిక్ అనీ, కొన్నిచోట్ల దృష్టి పునరావాస కేంద్రం అనీ అంటారు. రెటీనా ఓపీలో రద్దీ ఎక్కువగా ఉండటం వల్ల డాక్టరు ఈ విభాగం పేరు ప్రస్తావించకపోవచ్చు కాబట్టి, "నన్ను లో విజన్ విభాగానికి పంపండి" అని మీరే అడిగి చీటీ రాయించుకోవడం మంచిది. చికిత్స పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. కంట్లో ఇంజెక్షన్లు నడుస్తుండగానే అక్కడికి వెళ్లవచ్చు. చదవడం పూర్తిగా మానేసి ఏళ్లు గడిచాక మొదలుపెట్టడం కంటే, వార్తాపత్రికలో చిన్న అక్షరాలు తప్పిపోతున్న తొలి రోజుల్లోనే భూతద్దం పట్టుకోవడం ఎంతో తేలిక.

మన రాష్ట్రాల్లో ఇలాంటి సేవలు ఎక్కడ దొరుకుతాయి?

1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి బంజారాహిల్స్‌తో పాటు విశాఖపట్నం, విజయవాడల్లోనూ పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. దృష్టి పునరావాసానికి అక్కడ ప్రత్యేక విభాగం ఉంది. డబ్బు కట్టలేనివారికి చికిత్స ఉచితం. ఊళ్లలో ఆ సంస్థ నడిపే విజన్ సెంటర్లలో ప్రాథమిక పరీక్ష చేయించుకుని, అవసరమైతే అక్కడినుంచి పెద్ద ఆసుపత్రికి రాయించుకోవచ్చు. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలవారికి తిరుపతిలో 2019లో వచ్చిన అరవింద్ కంటి ఆసుపత్రి, చెన్నైలోని శంకర నేత్రాలయ దగ్గరవుతాయి. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నం, కర్నూలుల్లోని ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ముఖ్యమైనవి.

బయలుదేరే ముందు ఫోన్ చేసి, లో విజన్ నిపుణులు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కోండి. దూరపు ఊరినుంచి వచ్చి తిరిగి వెళ్లాల్సిన శ్రమ తప్పుతుంది. పాత కళ్లద్దాలు, ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను చూపే స్కాన్) కాగితాలతో పాటు మీరు నిజంగా చదవాలనుకునే వస్తువులు వెంట తీసుకువెళ్లండి. అది బ్యాంకు పాస్‌బుక్ కావచ్చు, లలితా సహస్రనామం పుస్తకం కావచ్చు, బైబిల్ కావచ్చు, మనవరాలి పాఠ్యపుస్తకం కావచ్చు. ఆసుపత్రి చార్టు మీద అక్షరాలు చదవడం వేరు, మీ పుస్తకం మీరు చదువుకోవడం వేరు.

లో విజన్ క్లినిక్‌లో ఏం చేస్తారు? అద్దాలు మారిస్తే సరిపోదా?

మామూలు కళ్లద్దాలు వెలుతురును మాక్యులా మీద సరిగ్గా పడేలా చేస్తాయి. పడే చోటే దెబ్బతిన్నప్పుడు అద్దాల నంబరు ఎంత మార్చినా ఫలితం కొంతవరకే ఉంటుంది. అందుకే ఈ క్లినిక్‌లో దూరపు చూపుతో పాటు దగ్గరి చూపు, లేత రంగులను వేరుచేసి గుర్తించే శక్తి, ఎంత పరిమాణంలో ఉన్న అక్షరాన్ని ఎంతసేపు శ్రమపడకుండా చదవగలుగుతున్నారన్నది కూడా కొలుస్తారు. ఆ కొలతలను బట్టి చేతిలో పట్టుకునే భూతద్దం, కాగితం మీద నిలబెట్టే భూతద్దం, కళ్లజోడులోనే అమర్చిన ఎక్కువ శక్తిగల అద్దం, దూరంనుంచి బస్సు బోర్డు చూసేందుకు చిన్న టెలిస్కోపు, అక్షరాలను తెరమీద పెద్దవిగా చూపే వీడియో పరికరం వంటివాటిలో మీకు తగినదాన్ని మీ చేతికిచ్చి వాడి చూపిస్తారు.

చాలామంది బజార్లో పెద్ద భూతద్దం ఒకటి కొనుక్కుని, అది పనిచేయలేదని పెట్టెలో పడేస్తారు. అద్దం శక్తి పెరిగే కొద్దీ దాని వెడల్పు తగ్గుతుందనీ, దాన్ని కంటికి మరింత దగ్గరగా పట్టుకోవాల్సి వస్తుందనీ ఎవరూ చెప్పకపోవడమే ఇందుకు కారణం. అరచేయంత అద్దం చూడటానికి బాగుంటుంది కానీ అక్షరాన్ని పెద్దగా పెంచదు. చేయి వణికేవారికి నిలబెట్టే రకం, లోపల దీపం ఉన్న రకం నయం.

దీనికంటే విలువైనది, ఖర్చు లేనిది మరొకటి నేర్పుతారు. నడిమి చూపులో మచ్చ ఉన్నప్పుడు సూటిగా చూస్తే వస్తువు ఆ మచ్చలో పడి మాయమవుతుంది. కాస్త పైకో, పక్కకో చూపు మళ్లిస్తే రెటీనాలో ఆరోగ్యంగా ఉన్న భాగం మీద బొమ్మ పడి వస్తువు కనిపిస్తుంది. ఏ వైపు చూస్తే మీకు ఎక్కువ స్పష్టత వస్తుందో కనిపెట్టి, ఆ చోటును నిలకడగా వాడటం సాధన చేయిస్తారు. ఇది కొన్ని వారాల పని. మాట్లాడేటప్పుడు రోగి ఎటో చూస్తున్నట్టు ఇంట్లోవారికి అనిపిస్తుంది. నిజానికి ఆ క్షణంలోనే ఆయన మిమ్మల్ని చూడటానికి ప్రయత్నిస్తున్నారని అర్థం చేసుకోవాలి.

కంట్లో ఇంజెక్షన్లు ఎన్నాళ్లు? ఖర్చుకు బీమా వర్తిస్తుందా?

వయసుతో వచ్చే క్షీణతలో తడి రకానికి (రెటీనా కింద కొత్త రక్తనాళాలు పెరిగి కారే రకం), మధుమేహపు వాపుకు ఈ ఇంజెక్షన్లు ప్రధాన చికిత్స. సాధారణంగా మొదట నెలకొకటి చొప్పున కనీసం మూడు ఇస్తారు, ఆ తర్వాత స్కాన్ చూసి వ్యవధి పెంచుతారు. చూపు నిలకడగా ఉందని మీ అంతట మీరు మానేయడం వల్ల జరిగే నష్టం తర్వాత పూడ్చుకోలేనిది కావచ్చు. మందుల్లో రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ ఖరీదైనవి. మొదట క్యాన్సర్ కోసం వచ్చిన బెవాసిజుమాబ్‌ను కంటికి వాడితే ఖర్చు బాగా తగ్గుతుంది, కానీ ఒక సీసాను చిన్న మోతాదులుగా విడదీయాల్సి ఉంటుంది కాబట్టి శుభ్రత పాటించే ఆసుపత్రిలోనే అది వేయించుకోవాలి. మీ ఖర్చు పరిమితి ఎంతో డాక్టరుకు మొదటి రోజే చెప్పండి. అలా చెప్పడంలో చిన్నతనమేమీ లేదు; మధ్యలో ఆగిపోయే ఖరీదైన మందు కంటే చివరిదాకా సాగే చవక మందు మేలు.

ఇక బీమా సంగతి. ఆరోగ్య బీమా కంపెనీలు మినహాయించకూడని 12 ఆధునిక చికిత్సల జాబితాను బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రకటించింది. అందులో కంట్లో ఇచ్చే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. అయితే వాటికి చెల్లించే మొత్తం మీద కంపెనీ పరిమితి పెట్టవచ్చు. "ఆసుపత్రిలో 24 గంటలు ఉండలేదు" అన్న కారణంతో క్లెయిము తిరస్కరిస్తే, ఈ జాబితాను, పాలసీలోని ఆధునిక చికిత్సల క్లాజును చూపుతూ రాతపూర్వకంగా తిరిగి అడగండి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉన్నవారు ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్ర దగ్గర తమ చికిత్స ప్యాకేజీలో ఉందో లేదో ముందే నిర్ధారించుకోవాలి.

జబ్బు ముదురుతోందని ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి?

ఆమ్‌స్లర్ పటం అనే 10 సెంటీమీటర్ల చదరపు గళ్ల కాగితాన్ని ఆసుపత్రిలో అడిగి తెచ్చుకోండి. చదివే అద్దాలు పెట్టుకుని, 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో నడిమి చుక్కను చూడాలి. తర్వాత కన్ను మార్చాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను చెడిన కంటి లోపాన్ని కప్పేస్తుంది. పటం లేకపోతే గోడ క్యాలెండర్‌లోని గళ్లు చాలు. నిటారు గీత కొత్తగా వంకరపోయినా, గడులు కొన్ని మాయమైనా వచ్చే నెల అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఒకటి రెండు రోజుల్లోనే రెటీనా డాక్టరును కలవాలి.

వికలాంగుల ధ్రువపత్రం వస్తుందా? ఎంత శాతం ఇస్తారు?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అంధత్వం, అల్పదృష్టి రెండూ ఉన్నాయి. చాలా ప్రయోజనాలకు 40 శాతం కనీస అర్హత. శాతం లెక్కించేటప్పుడు రెండు కళ్లలో మెరుగ్గా ఉన్న కన్నే ప్రధానం, అదీ తగిన అద్దాలు పెట్టుకున్నాక ఎంత కనిపిస్తుందన్నదే లెక్క. మెరుగైన కన్ను 6/24 (మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి మాత్రమే చదవగలగడం) నుంచి 6/60 మధ్య ఉంటే, రెండో కంటి స్థితిని బట్టి 40 నుంచి 60 శాతం వస్తుంది. మెరుగైన కన్ను 6/60 కంటే తగ్గి 3/60 వరకు ఉంటే 70 లేదా 80 శాతం. అంతకంటే తగ్గితే 90, 100.

ఇందులో మాక్యులా రోగులకు ఒక చిక్కు ఉంది. 6/18 వరకు అక్షరం గుర్తించగలిగినా, మచ్చ అడ్డుపడటంతో ఒక పేజీ కూడా కుదురుగా చదవలేనివారు ఉంటారు. ఈ లెక్క ప్రకారం వారికి 40 శాతం రాదు. ప్రధానంగా దూరపు చార్టు మీద ఆధారపడే ఈ కొలత చదివే శక్తిని పట్టించుకోకపోవడం లోపమే, కానీ ప్రస్తుతం అమలులో ఉన్న పద్ధతి ఇదే.

దరఖాస్తుకు దారి, వైకల్య శాతం నిర్ధారించే, అందరికీ తెలిసిన సదరం శిబిరమే. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో స్లాటు తీసుకోవచ్చు; తెలంగాణలో ఇదివరకు మీసేవలో తీసుకునేవారు. కేంద్ర ప్రభుత్వపు స్వావలంబన్ పోర్టల్‌లో కూడా యూడీఐడీ కార్డుకు (దివ్యాంగుల ప్రత్యేక గుర్తింపు కార్డు) నమోదు చేసుకోవచ్చు. 40 శాతానికి తక్కువైతే తెలుపు, 40 నుంచి 80 లోపైతే పసుపు, 80 లేదా అంతకు మించితే నీలం రంగు కార్డు ఇస్తారు. శిబిరానికి వెళ్లేటప్పుడు రెటీనా డాక్టరు ఇచ్చిన తాజా నివేదిక, స్కాన్ కాగితాలు తప్పనిసరిగా ఉంచుకోండి, ఎందుకంటే మాక్యులా రోగి తనంతట తాను నడిచి వచ్చి కుర్చీలో కూర్చోవడం చూసి ఎదుటివారు మొదటే ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. చార్టు చదివేటప్పుడు తల పక్కకు తిప్పి చూడటం మీకు అలవాటైతే, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. జబ్బు మారే అవకాశం ఉంటే గడువుతో కూడిన పత్రం ఇవ్వవచ్చు; గడువు తేదీ రాసిపెట్టుకుని ముందుగానే పునఃపరీక్షకు వెళ్లాలి.

ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది బాగుంది. పెన్షన్ వస్తుందా?

రాదు. రెండో కన్ను 6/18 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే, ఒక కన్ను పూర్తిగా పోయినా 30 శాతమే లెక్కకు వస్తుంది. డబ్బు తీసుకుని 40 రాయిస్తామనే దళారుల మాట నమ్మకండి.

ధ్రువపత్రంతో ఏమేం అందుతాయి?

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పెన్షన్ 2024 జూలైలో నెలకు 6,000 రూపాయలైంది. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకు పెంచారు. పాత పన్ను విధానాన్ని ఎంచుకున్న ఉద్యోగులకు, వైకల్యం 40 శాతం ఉంటే 75,000 రూపాయలు, 80 శాతం లేదా అంతకు మించితే 1,25,000 రూపాయల మేర ఆదాయంలో మినహాయింపు దొరుకుతుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు ఉన్న 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతం అంధులకు, అల్పదృష్టి ఉన్నవారికి కేటాయించారు. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు ఉన్నాయి.

రైలు రాయితీ విషయంలో మాత్రం చాలామంది నిరాశపడతారు. అది చూపు పూర్తిగా లేనివారికే వర్తిస్తుంది. 50, 60 శాతం పత్రం ఉన్న మాక్యులా రోగికి రాదు. స్టేషన్‌దాకా వెళ్లి కౌంటరులో గొడవపడటం కంటే ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

మా అబ్బాయికి స్టార్‌గార్ట్ జబ్బు అన్నారు. అంధుల పాఠశాలలో చేర్చాలా?

నడిమి చూపు తగ్గిన పిల్లల్లో చాలామంది మామూలు బడిలోనే చదువుకోగలరు, చదువుకోవాలి కూడా. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, బోర్డు మీద రాసినదాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకోనివ్వడం, పాఠ్యపుస్తకాన్ని ట్యాబ్‌లో పెద్ద అక్షరాలతో చదవనివ్వడం, నల్లటి మందపాటి పెన్నుతో రాయించడం వంటి ఏర్పాట్లు బడి ప్రధానోపాధ్యాయుడిని రాతపూర్వకంగా అడగండి. 40 శాతం పత్రం ఉన్న విద్యార్థికి పరీక్షలో రాసిపెట్టే సహాయకుడిని పొందే హక్కు, గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో ఉన్నాయి. 40 శాతానికి తక్కువైనా రాయడంలో ఇబ్బంది ఉన్నట్టు వైద్య ధ్రువీకరణ ఉన్నవారికి 2022లో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. పరీక్ష ముందురోజు కాకుండా, ఏడాది మొదట్లోనే దరఖాస్తు పెట్టాలి.

ఇంకొక జాగ్రత్త. "కంటికి మంచిది" అని విటమిన్ ఏ మాత్రలు వేయడం స్టార్‌గార్ట్‌లో మంచిది కాదు, హాని జరగవచ్చు. పెద్దల్లో వాడే లుటీన్, జింక్ మాత్రలు కూడా వయసుతో వచ్చే క్షీణత మధ్యస్థ దశలో ఉన్నవారికీ, ఒక కంట్లో అది ముదిరినవారికీ ఉద్దేశించినవే తప్ప, ఇంటిల్లిపాదీ వేసుకునేవి కావు.

వంటింట్లో, ఇంట్లో ఏ మార్పులు చేయాలి?

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న సహాయం ఇదే. మాక్యులా రోగికి కావలసింది వస్తువుకూ దాని వెనకనున్న రంగుకూ మధ్య తేడా. తెల్ల పళ్లెంలో పెరుగన్నం కనిపించదు; స్టీలు పళ్లెం మీద దీపం మెరిసి కళ్లు చెదిరిపోతాయి. అరిటాకులో అదే అన్నం స్పష్టంగా కనిపిస్తుంది, రోజూ ఆకు దొరకదు కాబట్టి ముదురు రంగు పళ్లెం కొనండి. పాలు ముదురు రంగు గ్లాసులో, డికాషన్ తెల్ల కప్పులో పోయాలి. కూరగాయలు తరిగే చెక్క ఒకవైపు తెలుపు, రెండోవైపు నలుపు ఉంటే ఉల్లిపాయకు ఒకవైపు, వంకాయకు మరోవైపు వాడుకోవచ్చు.

గ్యాస్ పొయ్యి మీట ఆగే చోట ఎర్ర టేపు ముక్కో, గోళ్లరంగు బొట్టో పెట్టండి. మాత్రల డబ్బాలకు పొద్దుటివాటికి ఒకటి, రాత్రివాటికి రెండు చొప్పున రబ్బరు బ్యాండ్లు చుట్టండి. చదివే దీపం తల వెనకనుంచి కాకుండా భుజం పక్కనుంచి నేరుగా కాగితం మీద పడాలి. మెట్ల అంచులకు పసుపు గీత వేయించండి. అన్నిటికంటే ముఖ్యం, ఉప్పు డబ్బా చోటు మార్చకండి! సంక్రాంతికి ఇల్లు సర్దే కోడళ్లూ కూతుళ్లూ ఎంతో ప్రేమతో చేసే ఈ సర్దుబాటే అత్తగారిని వారంపాటు వంటింటికి దూరం చేస్తుంది.

ఫోన్, డబ్బు, బ్యాంకు పనులు సొంతంగా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ తెర మీదిదాన్ని చదివి వినిపిస్తాయి. అంత అవసరం లేనివారు అక్షరాల పరిమాణం పెంచి, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు పెట్టుకుంటే చాలు. నోట్లను గుర్తించేందుకు రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన మణి యాప్ ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది. 100 నోటుకు త్రిభుజం, 500 నోటుకు వృత్తం వేలికి తగిలేలా ముద్రించి ఉంటాయి, నోటు నలిగితే ఆ స్పర్శ పోతుంది. కొత్త 100, 200, 500 నోట్లకు మధ్య పొడవులో తేడా 4 మిల్లీమీటర్ల చొప్పునే. కూరగాయల బజార్లో ఆ తేడా పట్టుకోవడం చూపున్నవారికే కష్టం. పర్సులో ఒక్కో నోటును ఒక్కో రకంగా మడిచి పెట్టుకోవడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

చూపు తక్కువన్న కారణంతో చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు, లాకరు నిరాకరించరాదని రిజర్వ్ బ్యాంక్ 2008లోనే బ్యాంకులను ఆదేశించింది. కెమెరా ముందు కన్నార్పమనే డిజిటల్ కేవైసీకి (ఖాతాదారు గుర్తింపు తనిఖీకి) చూపులేనివారికి ప్రత్యామ్నాయాలు ఉండాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. పుస్తకాల విషయానికొస్తే, 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం అచ్చుపుస్తకం చదవలేనివారి కోసమే ఉంది.

మా నాన్నగారికి గదిలో లేని మనుషులు కనిపిస్తున్నారు. మతి చెడుతోందా?

ఎక్కువ సందర్భాల్లో కాదు. చూపు తగ్గినప్పుడు కంటినుంచి రావలసిన బొమ్మలు అందక మెదడు తనంతట తానే బొమ్మలు అల్లుకుంటుంది. గోడల నిండా పూల తీగలు, చిన్నచిన్న మనుషులు, గుంపుగా నడిచే పిల్లలు కనిపించవచ్చు. స్విట్జర్లాండ్‌కు చెందిన శాస్త్రవేత్త చార్లెస్ బానే 1760లో తన తాతగారి అనుభవాన్ని నమోదు చేయడంతో దీనికి ఆయన పేరే వచ్చింది. ఈ బొమ్మలు మాట్లాడవు, అవి నిజం కావని చూసేవారికి తెలుస్తుంది. చెబితే పిచ్చి అంటారనో, గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతారనో భయపడి చాలామంది పెద్దలు ఈ సంగతి దాచుకుంటారు, కాబట్టి మీరే నెమ్మదిగా అడగండి. దీపం వేయడం, కళ్లు రెండు పక్కలకూ గబగబా తిప్పడం, లేచి నాలుగడుగులు నడవడం వల్ల బొమ్మ తరచుగా చెదిరిపోతుంది. గొంతులు వినిపించినా, కనిపించేవారు నిజమేనని వాదించినా, దానితో పాటు మతిమరుపు ఉన్నా నరాల డాక్టరునో మానసిక వైద్యులనో కలవాలి.

స్టెమ్ సెల్ చికిత్సతో చూపు వస్తుందని ప్రకటన చూశాం. వెళ్లమంటారా?

డబ్బు తీసుకుని చేసే అలాంటి చికిత్సకు వెళ్లవద్దు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో డబ్బు చెల్లించి, సొంత కొవ్వునుంచి తీసిన కణాలను రెండు కళ్లలోనూ ఎక్కించుకున్న ముగ్గురు మాక్యులా రోగులు ఉన్న చూపు కూడా కోల్పోయిన ఉదంతం 2017లో వైద్య పత్రికలో వచ్చింది. నిజమైన పరిశోధనలో పాల్గొనేవారి దగ్గర చికిత్సకు డబ్బు అడగరు, రెండు కళ్లకూ ఒకేసారి చేయరు.

అమ్మ మా దగ్గర ఇంగ్లాండ్‌లో ఉంటున్నారు. అక్కడ ఎవరిని అడగాలి?

అక్కడ స్థిర నివాసం ఉన్నవారైతే, కంటి కన్సల్టెంట్ ఇచ్చే దృష్టిలోప ధ్రువపత్రంతో స్థానిక కౌన్సిల్‌లో నమోదు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల లో విజన్ క్లినిక్‌లు భూతద్దాలను అరువుగా ఇస్తాయి. మాక్యులర్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఫోన్ సలహా, స్థానిక బృందాల సమావేశాలు నడుపుతుంది.

పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లడం మానేశాను. ఎవరినీ గుర్తుపట్టలేకపోతున్నాను. ఏం చేయాలి?

పలకరించలేదని బంధువులు నిష్ఠూరమాడటం, అది పడలేక మనిషి ఇంటికే పరిమితం కావడం ఈ జబ్బులో తరచుగా జరిగేదే. దగ్గరివారికి ఒకే ఒక్క పని అప్పగించండి: ఎదురుపడగానే "పిన్నీ, నేను సుజాతని" అని పేరు చెప్పి మాట్లాడమనండి. "నేనెవరో చెప్పుకో చూద్దాం" అనే సరదా ఆటను మాత్రం గట్టిగా వారించండి. పందిట్లో కిటికీకో, దీపాలకో వీపు పెట్టి కూర్చుంటే ఎదుటివారి ముఖాల మీద వెలుతురు పడి కొంత మెరుగ్గా కనిపిస్తారు. గొంతు, నడక, చీర రంగు చూసి పోల్చుకోవడం కొన్నాళ్లకు అలవడుతుంది. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏ పని మీదా మనసు నిలవకపోయినా మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వయసు పైబడినవారికి పెన్షన్, సంరక్షణ వంటి విషయాల్లో సాయానికి 14567 ఉంది.